పలకయంత్రము: గ్రంథపరిష్కర్తకు వలయు నుపకరణముల యెంపిక

‘టాబ్లెట్టు’ అను నాంగ్లేయపదమునకుఁ బలక యని యర్థము. లాటిను భాషలోని ‘టాబులా’ యను శబ్దము చెక్కపలకను దెలుపును. ఆంగ్లపదమునకు మూల మదియే. పలకపై నోనమాలు దిద్దుట తెలుఁగు బాలుర విద్యకుఁ దొలిమెట్టు. పండితుఁ డైనవాఁ డా పలకను విడిచి పుస్తకమును జేపట్టును. నేఁడో, పలకయే యంత్రరూపమునఁ బండితుని చేతికి మరల వచ్చినది. ఐనను నీ యంత్రము తనంతట నేపనియుఁ జేయఁజాలదు. దానిలో నిలుపుకొను నుపకరణములు, అనఁగా వాడుకలో ‘యాప్‌’లని పిలువఁబడునవి, మంచివైనఁ బని సాగును, కానిచోఁ బని చెడును. గ్రంథపరిష్కరణమున నీ చెడుట సామాన్యము గాదు. ఒక యరసున్న జారినను, ఒక శకటరేఫము రేఫముగా మాఱినను, ఆ పొరపాటు కవికే యంటఁగట్టఁబడును. కావున నుపకరణముల యెంపికకుఁ గొన్ని నియమములు గలవా, యున్నచో నెవ్వి, యను విషయ మిందు విచారింపఁబడుచున్నది.

ఈ యంత్రముయొక్క చరిత్ర మంత ప్రాచీనము గాదు. ఆలన్ కే యను నమెరికా శాస్త్రజ్ఞుఁడు 1972వ సంవత్సరమున ‘డైనబుక్’ అను పేరఁ జేతఁ బట్టుకొనఁదగిన గణకయంత్రమును భావించి, బాలుర విద్యకై దాని యుపయోగమును వివరించెను. నాఁ డది కల్పనయే. 2010 ఏప్రిలు 3వ తేదీని ఆపిల్ సంస్థవారి ఐప్యాడ్ విపణికి వచ్చిన పిమ్మటఁ బలకయంత్రము బహుజనోపయోగి యయ్యెను. భారతదేశమున 2011 అక్టోబరు 5వ తేదీని ‘ఆకాశ్’ అను నల్పమూల్యపుఁ బలక వెలువడెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022 డిసెంబరు 21వ తేదీని ఎనిమిదవ తరగతి విద్యార్థులకుఁ బలకలను బంచిపెట్ట నారంభించెను. కావునఁ బాఠశాలలోని తెలుఁగు పండితునకు సైత మిది క్రొత్తవస్తువు గాదు. యంత్రము సులభమైన కొలఁది నుపకరణముల సంఖ్యయుఁ బెరిగినది. 2008 జూలైలో ఆపిల్ వారి యాప్‌ల యంగడి తెఱవఁబడిననాఁ డందలి యుపకరణములు రమారమి యైదు వందలు. నేఁ డవి లక్షలలో నున్నవి. ఇన్నింటిలో నెన్నుకొనుట యే యొక పని యైనది.

పరీక్షాలక్షణములు

‘ఏ యుపకరణము శ్రేష్ఠము?’ అను ప్రశ్నకు సమాధానము లేదు. ‘ఏ పనికి?’ అని ముం దడుగవలయును. వ్యాపారికి మిక్కిలి యుపయోగించునది పరిష్కర్తకుఁ గొఱగాకపోవచ్చును. పరిష్కర్త పని యిట్టిది: ప్రతులను సంపాదించుట, వానిని జదువుట, పాఠమును వ్రాసికొనుట, పాఠభేదములను గుఱుతించుట, నిఘంటువులను జూచుట, ఉల్లేఖములను గూర్చుకొనుట, అన్నింటిని భద్రపఱచుట. ఈ పనులలో దేనికి సాయపడునో చెప్పఁజాలని యుపకరణమును యంత్రమున నిలుపుట వ్యర్థము. సాయపడు ననుకొన్నదానిని సయితము నాలుగు లక్షణములచేఁ బరీక్షింపవలయును.

మొదటిది యక్షరశుద్ధి: తెలుఁగు లిపిలోని సర్వాక్షరములను జెడకుండ వ్రాయుట, చూపుట, వెదకుట దానికి సాధ్యమా? రెండవది స్వాధీనత: వ్రాసినదానిని సర్వసామాన్యమైన రూపమున బయటికిఁ దీసికొనవచ్చునా? మూఁడవది నిరాలంబత: ఇంటర్నెట్టు లేని యూర నది పనిచేయునా? నాలుగవది మితవ్యయమును గోప్యతయు: అది ధనమునో, ధనమునకు మాఱుగా సొంత సమాచారమునో యెంత కోరుచున్నది? ఈ నాల్గింటిలోఁ దొలి రెండును ముఖ్యములు; కడపటి రెండింట లోప మున్నను నోర్చుకొనవచ్చును.

అక్షరశుద్ధి

గణకయంత్రములలో నేఁడు లోకమంతటను జెల్లునది యూనికోడు. దాని మొదటి కూర్పు 1991లోఁ బ్రకటింపఁబడెను. అందే తెలుఁగునకు 128 స్థానములు కేటాయింపఁబడినవి. అరసున్నకును శకటరేఫమునకును వేఱువేఱు స్థానములు గలవు. దంత్యములైన ౘ, ౙ లకు 2008లోఁ జోటు దొరకెను. నకారపు పొల్లునకుఁ బ్రత్యేకస్థానము 2021లో వచ్చినది. అనఁగాఁ బ్రాచీనగ్రంథములను ముద్రించుటకు వలయు గుఱుతులు చాలవఱకుఁ జేరినవి. కాని స్థాన ముండుట వేఱు, కీబోర్డున నా యక్షరము దొరకుట వేఱు, అచ్చుమోళ్లలో దానికి రూప ముండుట వేఱు. ఈ మూఁడును గలిసిననే యక్షరము తెఱపైఁ గనఁబడును. లేనిచో నొక డొల్లపెట్టె మాత్రము కనఁబడును.

కావున నే కీబోర్డు నైనను స్వీకరించుటకు ముం దొక పరీక్షాపఙ్క్తిని వ్రాసి చూచుట మేలు: ‘ఏఁడు, ఏడు, అఱుగు, అరుగు, వేఱు, వేరు, ౘలి, ౙొన్న.’ ఏఁ డనఁగా సంవత్సరము, ఏడు సంఖ్య. అఱుగుట జీర్ణమగుట, అరుగుట పోవుట. వేఱు భిన్నము, వేరు మూలము. ఈ భేదములు దెలుపలేని కీబోర్డు వార్తలు వ్రాయుటకుఁ జాలును గాని కావ్యము వ్రాయుటకుఁ జాలదు. గూగుల్ వారి కీబోర్డునఁ దెలుఁగక్షరములను నేరుగాఁ దాఁకి వ్రాయుటయే కాక వ్రేలితో వ్రాసి చూపుటయు, నోటఁ బలికి వ్రాయించుటయుఁ గలవు. నోటి వ్రాఁత యుత్తరములకు సుకరము. పద్యమునకు మాత్రము పనికిరాదు. ఏలయన నది విన్న ధ్వనికిఁ దాను దఱచుగా నెఱిఁగిన పదమును వ్రాయును. అప్రసిద్ధమైన ప్రాచీనపదమును సుప్రసిద్ధమైన దానిగా మార్చుట దాని స్వభావము. ‘స్వయంచాలితమైన దిద్దుబాటు’ అను సౌకర్యమునకును నిదియే దోషము. ప్రాచీనపాఠమును వ్రాయునపు డా సౌకర్యమును దప్పక నిలిపివేయవలయును. పూర్వము లేఖకుఁడు తెలియని పదమును దెలిసిన పదముగా మార్చి వ్రాసినాఁడని పరిష్కర్తలు నొచ్చుకొనిరి; ఆ లేఖకుఁడే నేఁడు యంత్రములోఁ గూర్చుండియున్నాఁడు.

వెదకుటయందుఁ గూడ నొక చిక్కు గలదు. యంత్రమునకుఁ ‘చలి’ యను పదమును ‘ౘలి’ యను పదమును వేఱువేఱు. అరసున్న గల పదమును అరసున్న లేక వెదకినఁ బలు నుపకరణములకు దొరకదు. కావునఁ బెద్ద గ్రంథమును సిద్ధపఱచువారు శుద్ధప్రతి నొకదానిని, అరసున్నలు తీసివేసి ౘౙలను సామాన్యజకారచకారములుగా మార్చిన యన్వేషణప్రతి నొకదానిని వేఱువేఱుగా నుంచుకొనుట యుక్తము. మొదటిది ముద్రణకు, రెండవది పదసూచికకు.

స్వాధీనత

యూనికోడు వ్యాపింపకముందుఁ దెలుఁగు ముద్రణాలయములలో నను మొదలైన ప్రత్యేకపు టచ్చులిపులు వాడఁబడెను. వానితోఁ గూర్చిన ఫైలును ఆ లిపి లేని యంత్రమునఁ దెఱచినచోఁ దెలుఁగునకు మాఱుగా నర్థములేని రోమనక్షరములు గనఁబడును. సంవత్సరములు శ్రమించి కూర్చిన గ్రంథములు సయితము మార్పిడియుపకరణముల సాయము లేక నేఁడు చదువరాకున్నవి. పీడీఎఫ్ అను రూపము పుటను జూచుటకు మిక్కిలి మంచిది. 1993లో వెలువడి, 2008లో నంతర్జాతీయ ప్రమాణ మైనది. కాని పెక్కు తెలుఁగు పీడీఎఫులనుండి పాఠమును దీసి యతికించినచో గుణింతములు స్థానము దప్పును, ఒత్తులు చెదరును. అందుచేతఁ బీడీఎఫు పాఠకునికిఁ బంపుటకే గాని పరిష్కర్త తన మూలప్రతిని దాఁచుకొనుటకుఁ దగదు. మూలప్రతి యూనికోడులో సాదా పాఠముగా నుండవలయును. అలంకారము లేని యా ఫైలును నేఁటి యే యంత్ర మైనను జదువును. రేపటి యంత్రమును జదువు నని నమ్మవచ్చును.

ఉపకరణము లెంత ప్రసిద్ధము లైనను శాశ్వతములు గావు. పనుల పట్టికలను వ్రాసికొనుటకుఁ బేరుగాంచిన ‘వుండర్‌లిస్టు’ను మైక్రోసాఫ్టువారు 2015లోఁ గొని, 2020 మే 6వ తేదీని మూసివేసిరి. అందలి పట్టికలను వేఱొక యుపకరణములోనికి మార్చుకొను నవకాశ మీయఁబడెను గాని యా యుపకరణము మాత్రము పోయెను. కావున నేది కొనినను ‘ఇది రేపు మూయఁబడినచో నా వ్రాఁత యేమగును?’ అని మొదటి దినముననే పండితుఁడు ప్రశ్నించుకొనవలయును. ‘ఎగుమతి’ యను నాజ్ఞ యెచ్చట నున్నదో చూచి, ఒక పుటను బయటికిఁ దీసి, మఱియొక యుపకరణమునఁ దెఱచి చూచుటయే దీనికిఁ బరీక్ష. ఆబ్సిడియన్ అను టిప్పణోపకరణము ప్రతి టిప్పణమును యంత్రములోని యొక సంచిలో సాదా పాఠపు ఫైలుగానే యుంచును. ఉపకరణము పోయినను టిప్పణములు మిగులును. ఉల్లేఖముల కొఱకు 2006లో నమెరికాలోని జార్జి మేసన్ విశ్వవిద్యాలయమున వెలువడిన ‘జొటేరో’ యుచితము. గ్రంథకర్త, కూర్పు, సంవత్సరము, పుట మొదలగు వివరములను గ్రమముగా నుంచి సామాన్యరూపములలో బయటి కీయఁగలదు. ఇట్టివానికిఁ బ్రాధాన్య మీయఁదగును.

పనిని బట్టి యుపకరణములు

ప్రతులకుఁ జిత్రములు దీయుట. కాగితపుఁ బత్రములను దీయుటకు ‘స్కానరు’ యాప్‌లు గలవు. అవి పుట వంకరలను సరిచేసి, నేపథ్యమును దెల్లగాఁ జేసి, అక్షరమును నల్లఁబఱచును. అచ్చుపుస్తకమున కిది మేలు; తాటియాకున కిది కీడు. తాటియాకుపైఁ గంటపు గీఁత లోతు తక్కువగా నున్నచోటను, మసి యంటని చోటను నుపకరణ మా గీఁతను మఱకగా భావించి తుడిచివేయును. కావునఁ దాటియాకులకు సామాన్యమైన కెమేరాయే తగినది. దీపమును బైనుండి గాక ప్రక్కనుండి యేటవాలుగా నుంచినచో గీఁత నీడ పడి స్పష్టమగును. ప్రతి చిత్రమునఁ గొలబద్దయుఁ బత్రసంఖ్యయుఁ గనఁబడవలయును.

చిత్రమున సూక్ష్మత యెంత వలయు నని లెక్కించుటయు సులభమే. 40 సెంటీమీటర్ల పొడవు గల యాకు రమారమి 16 అంగుళములు. 12 మెగాపిక్సెళ్ల కెమేరా చిత్రమునకు వెడల్పు 4000 బిందువులు. ఆకు నంతను నొకే చిత్రమున నిమిడ్చినచో నంగుళమునకు 250 బిందువులు మాత్రమే వచ్చును, ఇది చాలదు. ఆకును రెండు సగములుగాఁ దీసినచో నంచులు కొంచె మొకదానిపై నొకటి పడినను 450 బిందువులకుఁ దక్కువ గాదు. నూఱాకుల గ్రంథమునకు రెండు ప్రక్కలు, ప్రక్క కిద్దరచిత్రములు చొప్పున 400 చిత్రములు గావలయును. చిత్రమునకు 5 మెగాబైట్లు పట్టినచో మొత్తము రెండు గిగాబైట్లు. ఇంతమాత్రము చిన్న పలకలోఁ గూడ నిముడును.

అచ్చుప్రతులను జదివించుట. చిత్రమునుండి యక్షరములను గుర్తించు నుపకరణము లిపుడు తెలుఁగునకును గలవు. హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో 1985 ప్రాంతమున మొదలై 2005లో సర్వజనస్వాధీన మైన ‘టెసరాక్ట్’ అందొకటి. గూగుల్ వారి డ్రైవుకును నీ శక్తి గలదు. స్పష్టమైన క్రొత్త యచ్చును నివి చక్కఁగాఁ జదువును. అరిగిన పాతయచ్చున మాత్రము ప-వ లకు, మ-య లకు, ఘ-ఝ లకు నన్యోన్యభ్రాంతి గలుగును. ధకారపు టొత్తుగీఁత చెరిగి దకార మగును. అరసున్న చుక్కవలెఁ దలంపఁబడి తుడిచివేయఁబడును.

ఇచ్చటఁ బద్యగ్రంథముల పరిష్కర్త కొక హెచ్చరిక. ఛందస్సు తప్పులను బట్టియిచ్చు నని యూరకుండరాదు. దీర్ఘము హ్రస్వ మైనను, ఒత్తు పోయినను గణము చెడి దోషము బయటఁబడును. కాని యరసున్న గురుత్వమును గల్గింపదు గావున నది జారినను గణము చెడదు. ర-ఱ లు తాఱుమాఱైనను గణము చెడదు. ఆ యక్షరము ప్రాసస్థానముననో యతిస్థానముననో పడిననే సందేహము గలుగును. మహాప్రాణ మల్పప్రాణ మైనను గణమున కేమియుఁ గాదు. అనఁగా యంత్రము విశేషముగాఁ జేయు తప్పులే ఛందస్సునకుఁ జిక్కని తప్పులు. వీనిని గన్నులారఁ బోల్చి చూచుట తప్ప వేఱుపాయము లేదు. తెలుఁగు వికీసోర్సునం దీ పోలికకుఁ దగిన యేర్పాటు గలదు: ఒక ప్రక్కఁ బుట చిత్రము, నొక ప్రక్కఁ బాఠము. ఒకఁడు దిద్దిన పుటకు నొక రంగు, వేఱొకఁడు మరలఁ జూచి యామోదించిన పుటకు మఱొక రంగు. తాను దిద్దినదానిని దానే యామోదింప వీలు లేదు. ఈ నియమము యంత్రముతో నిమిత్తము లేక పరిష్కర్త లందఱు నవలంబింపఁదగినది.

నిఘంటువులు. ప్రతి సాధనమును యాప్‌గానే యుండవలె నని భ్రమింపరాదు. బ్రౌనుగారి నిఘంటువుయొక్క 1903నాఁటి కూర్పు షికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా నిఘంటుసంపుటియందుఁ జూడవచ్చును. ఆంధ్రభారతి వెబ్‌సైటునఁ బలు నిఘంటువులను నొక్కమాఱే వెదకవచ్చును. వీనికి బ్రౌజరు చాలును. అంగడిలోఁ దెలుఁగు నిఘంటువులని చెప్పుకొను కొన్ని యాప్‌లు మూలగ్రంథ మేదో చెప్పవు. ఎవరి యర్థమో తెలియని యర్థమును బ్రమాణముగా నుదాహరించుట యెట్లు? మూలము చెప్పని నిఘంటువును విడిచిపెట్టవలయును. ఇంటర్నెట్టు లేనిచో నుపయోగించుటకు శబ్దరత్నాకరము వంటి ప్రాచీనకోశముల పుటచిత్రములను యంత్రముననే నిలుపుకొనుట మంచిది.

భద్రపఱచుట. పలక జారిపడును, దొంగిలఁబడును, పాడగును. కావున మూఁడు ప్రతు లుండవలయును: యంత్రమున నొకటి, వేఱొక సాధనమున నొకటి, వేఱొక స్థలమున నొకటి. మేఘనిధి యను దూరపు నిల్వయే మూఁడవది కావచ్చును. ఐన నచ్చట తుడిచినది యంత్రమునను దుడిచిపోవు నమరిక యున్నచో నవి రెండును గలిసి యొక ప్రతియే గాని రెండు గావు. ఈ సూక్ష్మము నెఱుఁగక పలువురు నష్టపోవుదురు.

గోప్యత. క్రొత్త కీబోర్డును నిలుపునపుడు వ్రాసినదంతయు నది సేకరింపవచ్చు నని యంత్రమే హెచ్చరించును. అది వట్టిమాట గాదు. ప్రకటింపని తామ్రశాసనపాఠమునో, మిత్రుని యుత్తరమునో వ్రాయునపుడు కర్త యెవరో తెలియని కీబోర్డును వాడరాదు. పద్యమును జదువు నుపకరణము దూరవాణిలోని పేళ్ల పట్టిక నడిగినచో దాని యుద్దేశము పద్యము గాదని గ్రహింపవలయును.

ఆక్షేపసమాధానములు

‘కాగితపుఁ జీటీలతోనే మహానిఘంటువులు వెలువడినవి, ఈ యంత్రము లేల?’ అని కొంద ఱాక్షేపింతురు. ఆ మాట సత్యమే. 1936లోఁ దొలిసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువునకు యంత్ర మెద్దియు సాయపడలేదు. యంత్ర మున్నంత మాత్రమున విద్వత్తు రాదు. కాని దూరదేశపు గ్రంథాలయమునం దున్న ప్రతిని గ్రామమునం దున్న పండితుఁడు చూచుట చీటీలవలన సాధ్యము గాదు. శిథిలమగుచున్న యాకులను మాటిమాటికి విప్పక, తీసిన చిత్రములను బెద్దవిగాఁ జేసి చూచుటయుఁ జీటీలవలన సాధ్యము గాదు. ఈ లాభములు స్వల్పములు గావు.

మఱికొందఱు దీనికి విరుద్ధముగా, ఎన్ని యుపకరణము లున్న నంత మేలందురు. ఇదియుఁ బొరపాటే. టిప్పణములు నాలుగింటఁ జెదరినచోఁ గావలసినది దేనిలోను దొరకదు. ఒక్కొక్క పని కొక్కొక్కటి చాలును: కెమేరా, పీడీఎఫు చదువు నుపకరణము, పరీక్షకు నిలిచిన కీబోర్డు, సాదా పాఠమును వ్రాయునది, ఉల్లేఖముల పట్టిక, భద్రపఱచునది. ఆఱింటికి మించినచో ననుమానింపవలయును.

కడపట నన్నింటికి నొక పరీక్ష గలదు. పెద్దపనికిఁ బూనుటకు ముందు నొక్క పుటను దీసికొని, చిత్రము మొదలు శుద్ధపాఠమువఱకు నన్ని దశలను నడిపించి, తుదకు వచ్చిన పాఠమును వేఱొక యంత్రమునఁ దెఱచి మూలపత్రముతో నక్షర మక్షరముగాఁ బోల్చి చూడవలయును. ఆ పుటలో నరసున్నలును శకటరేఫములును నిలిచినచో నుపకరణములు నిలిచినట్లే. నిలువనిచో నూఱు పుటలు పూర్తియైన పిమ్మటఁ దెలియుటకంటె, నొక్క పుటయందే తెలియుట మేలు.